పెబ్బేరు సంతకు పోయిన బార్ట్లీ

నదిగడ్డలో మానవపాడు చుట్టుపక్కల ఊళ్లలో నాటకం అంటే ఇప్పటికీ పద్యనాటకమే. జాతర దగ్గర పడుతుందనగా ఊరు చందాలు వేసుకుంటుంది. బడి ముందరో రచ్చకట్ట దగ్గరో స్టేజీ లేస్తుంది. పరదాలు, కిరీటాలు, గదలు అద్దెకు వస్తాయి. హార్మోనియం మాస్టారు దిగుతారు. ఆ రాత్రికి ఆయన మాటే శాసనం. అర్జునుడు పగలంతా మిరపతోటకు నీళ్లు కట్టి వచ్చినవాడు, కృష్ణుడికి ఎరువుల దుకాణం, దుర్యోధనుడు సర్కారు బడిలో పంతులు. ఆడవేషాలకు మాత్రం కర్నూలు వైపు నుంచో మరోచోటి నుంచో ఆర్టిస్టులను మాట్లాడుకుంటారు. కురుక్షేత్రమైనా, రామాంజనేయ యుద్ధమైనా, సత్యహరిశ్చంద్ర అయినా రాత్రి పది దాటాకే తెర లేస్తుంది, కోడి కూసేదాకా నడుస్తుంది. రాగం బాగా తీసినవాడికి వన్స్‌మోర్, పద్యం నడుమ చదివింపులు, చదివించినవాళ్ల పేర్లు మైకులో. పద్యం ఆగిపోయిందని ఎవరూ కోపం తెచ్చుకోరు.

ఇటువంటి స్టేజీ మీదికి ఐర్లాండు నాటకం తేవాలంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఇరుక్కున్న నదిగడ్డ ఎక్కడ, అట్లాంటిక్ అంచున ఉన్న ఆ దీవి ఎక్కడ? రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, నీళ్లు. జె.ఎం. సింజ్ రాసిన ‘రైడర్స్ టు ది సీ’ అనే ఏకాంకిక చదివిన పాలమూరు మనిషికి అలంపురం, రాజోలి, మంచాలకట్ట గుర్తుకు రాక మానవు. ఆ నాటకానికి తెలుగునేల మీద తగిన చోటు విశాఖపట్నం బీచిరోడ్డు కాదు, మానవపాడు రచ్చకట్ట.

ఐర్లాండు పడమటి తీరంలో అరాన్ దీవులు మూడున్నాయి. అన్నీ రాళ్లే. సింజ్ 1898 నుంచి ఏటా కొన్నాళ్లు అక్కడ జాలర్ల ఇళ్లలో ఉండి, వాళ్ల మాట విని, వాళ్ల చావుల్లో ఆడవాళ్లు పెట్టే శోకాలు విని వచ్చాడు. 1902 వేసవిలో ఈ నాటకం రాశాడు. 1904 ఫిబ్రవరి 25న డబ్లిన్‌లోని మోల్స్‌వర్త్ హాలులో తొలిసారి ఆడారు. మొత్తం అరగంట ఆట. స్టేజీ మీద ఒక వంటిల్లు, ఒక రాట్నం, గోడకు ఆనించిన కొత్త చెక్కలు, అంతే.

ఆ ఇంటి ముసలమ్మ మోర్యా. మామనూ మొగుణ్నీ నలుగురు కొడుకులనూ సముద్రం ఇదివరకే తీసుకుపోయింది. ఐదోవాడు మైకేల్ తొమ్మిది రోజులుగా జాడ లేడు. శవం దొరికితే పెట్టె చేయించడానికని ఆమె చెక్కలు కొని పెట్టుకుంది. ఎక్కడో ఉత్తరాన ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం మీది బట్టలు పాదిరి మూటగట్టి పంపితే కూతుళ్లిద్దరూ తల్లికి తెలియకుండా విప్పుతారు. చిన్నది నోరా తాను అల్లిన మేజోడును గుర్తుపడుతుంది. అల్లేటప్పుడు జారిపోయిన నాలుగు కుట్లు అందులో ఉన్నాయి. ఈలోగా ఆఖరి కొడుకు బార్ట్లీ గుర్రాలు అమ్మడానికి సంతకు బయల్దేరతాడు. తల్లి వద్దంటుంది. వినడు. కోపంలో ఆమె దీవించకుండానే పంపుతుంది. కాసేపటికి వాణ్ని తెరచాప గుడ్డ కప్పి మోసుకొస్తారు. గుర్రమే సముద్రంలోకి తోసింది. పెట్టెకు చెక్కలున్నాయి గానీ మేకులు కొనడం ముసలమ్మ మరిచిపోయిందని అప్పుడు బయటపడుతుంది. అన్ని చావుల్లో ఈ ఒక్కటీ ఎట్లా మరిచిందని ఊరివాడొకడు ఆశ్చర్యపోతాడు. ఇక సముద్రం తనను చేయగలిగింది ఏమీ లేదనీ, ఈ రాత్రి నుంచి గాలి ఏ దిక్కున వీచినా తనకు పట్టదనీ ఆమె తేల్చుకుంటుంది.

ఇది పరాయి కథా? శ్రీశైలం జలాశయం నిండేముందు 1981లో కృష్ణ, తుంగభద్రల ఒడ్డున వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ పాపనాశి గుళ్లనూ రాయి రాయి విప్పి అలంపురం దగ్గరకు తెచ్చి మళ్లీ కట్టారు. మనుషులను అంత జాగ్రత్తగా విప్పి మళ్లీ కట్టలేదని ముంపు ఊళ్లవాళ్లు ఇప్పటికీ అంటారు. 2007 జనవరిలో సింగోటం జాతరకని బయల్దేరిన జనంతో కొల్లాపురం వైపు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరద ఇవతలి ఒడ్డున అలంపురాన్నీ, నేతగాళ్ల ఊరు రాజోలినీ, మానవపాడు వైపు ఊళ్లనూ వదల్లేదు. మగ్గం గుంతల్లోకి నీళ్లొచ్చాయి. మోర్యాకు సముద్రం ఎట్లాగో, ఇక్కడి ముసలమ్మలకు ఈ రెండు నదులు అట్లా. దండం పెట్టుకునేదీ వాటికే, తిట్టుకునేదీ వాటినే.

అందుకే ఈ నాటకాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి, పాత్రలకు మోర్యా, నోరా అనే పేర్లే ఉంచి ఆడడం దండగ. దాన్ని ఇక్కడికి మార్చుకోవాలి. మార్చుకోవడం అన్నప్పుడే అసలు పని మొదలవుతుంది.

గుర్రాల సంత బదులు పెబ్బేరు సంత ఉండనే ఉంది. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆ పశువుల సంతకు నదిగడ్డ రైతులు కృష్ణ దాటి పోవాలి. బీచుపల్లి దగ్గర జాతీయ రహదారి వంతెన మీద నేడు నిమిషాల్లో దాటేస్తారు గనక, కథను పుట్టి తప్ప దారి లేని రోజుల్లోకి జరపాలి. ఎద్దులను పుట్టి వెనక ఈదించి తీసుకుపోయే కుర్రవాడు, పైన వాన పడి ఎర్రగా దిగుతున్న నది. మేజోడు మన దగ్గర లేదు. చిరిగిన చొక్కాకు చెల్లెలు చేత్తో వేసిన అతుకు సరిపోతుంది. తన కుట్టు తనకు తెలియని ఆడపిల్ల ఈ సీమలో లేదు.

చిక్కంతా ఆ చెక్కల దగ్గర వస్తుంది. హిందువుల ఇంట్లో పాడె వెదుళ్లు ముందే తెచ్చి గోడకు ఆనించడం ఊహించలేని అపశకునం. ఏ తల్లీ చేయదు, చేసినట్టు చూపిస్తే ప్రేక్షకులు నమ్మరు. ఆ చెక్కలు లేకపోతే మేకులు మరిచిపోయిన ఘట్టం పోతుంది, అది పోతే నాటకానికి వెన్నెముక పోతుంది. మరేం చేయాలి? ఆ కుటుంబాన్ని క్రైస్తవ కుటుంబం చేస్తే చాలు. ఇది తెచ్చిపెట్టుకున్న ఉపాయం కాదు. పాలమూరు జిల్లాలో మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ గత శతాబ్దం తొలి భాగం నుంచీ పనిచేసింది. తుంగభద్ర అవతల కర్నూలులో 1967 నుంచి కేథలిక్ డయోసిస్ ఉంది. ఊరూరా చర్చి ఉంది, పెట్టె ఉంది, సమాధుల తోట ఉంది. మోర్యా కొడుకు శవం మీద చివర్లో తీర్థజలం చిలకరిస్తుంది గనక వాళ్లను కేథలిక్కులను చేయడం మేలు. దేవుడు ఒక్క కొడుకునైనా మిగల్చకుండా ఉంటాడా అని ధైర్యం చెప్పిన కుర్ర పాదిరి నాటకంలో ఒక్కసారీ స్టేజీ మీదికి రాడు. ఆయన మాటే వినిపిస్తుంది, అదీ అబద్ధమవుతుంది. ఆ పాదిరి మానవపాడులోనూ తెర వెనకే ఉండిపోవచ్చు.

పరాయి నాటకాన్ని ఇట్లా సొంతం చేసుకోవడం కొత్తేమీ కాదు. ఇదే ఏకాంకికను బ్రెహ్ట్ 1937లో స్పెయిన్ అంతర్యుద్ధానికి మార్చి ‘సెన్యోరా కరార్ తుపాకులు’ అని రాశాడు. అక్కడ కొడుకును తీసుకున్నది సముద్రం కాదు, ఫ్రాంకో సైన్యం. తల్లి చివరికి దాచిన తుపాకులు తానే బయటికి తీస్తుంది. కరేబియన్ దీవి సెయింట్ లూసియాలో డెరెక్ వాల్కాట్ 1950లలో తన ఊరి జాలర్ల మీద రాసిన ‘ది సీ ఎట్ డోఫాన్’కు ప్రేరణ సింజే. వాల్కాట్‌కు నోబెల్ బహుమతి ఆ తర్వాత చాలా కాలానికి వచ్చింది. జర్మనీ వాడికి స్పెయిన్‌లో, నల్లజాతి కవికి కరేబియన్‌లో పనికొచ్చిన వంటిల్లు నదిగడ్డలో పనికి రాకుండా పోదు.

మోర్యా వేషం ఎవరు కట్టాలి? పట్నం నుంచి నటీమణిని తేనక్కర్లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రలో కాటిసీనుకు ఊళ్లు ఊళ్లే కూర్చుని ఏడుస్తాయి. ఆ సీనులో జాషువా శ్మశానవాటి పద్యాలు కలిపి పాడడం ఏనాటి నుంచో ఆనవాయితీ. పాము కరిచిన లోహితాస్యుణ్ని ఒళ్లో పెట్టుకుని చంద్రమతి వేషం కట్టే ఆర్టిస్టు ఏడాదికి ఎన్ని జాతరల్లో, ఎన్ని రాత్రుల్లో ఏడ్చి ఉంటుంది! బిడ్డ శవం ముందర గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ దించాలో ఆమెకు చెప్పగల దర్శకుడు ఈ దేశంలో లేడు. చేయాల్సిన పని ఏమిటంటే, ఆమె చేత పద్యం పాడించకుండా ఆపడం. అది మాత్రం తేలిక కాదు. చదివింపులు పద్యానికే వస్తాయి, మౌనానికి రావు.

ఇంకో తేడా ఉంది. కాటిసీను చివర విశ్వేశ్వరుడు ప్రత్యక్షమవుతాడు. లోహితాస్యుడు లేచి కూర్చుంటాడు. రాత్రంతా ఏడ్చినవాళ్లు తెల్లారి ఇంటికి పోయేటప్పుడు తేలికగా పోతారు. సింజ్ నాటకంలో ఏ దేవుడూ దిగడు. చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు, తెర పడుతుంది. మన జనం దాన్ని ఓర్చుకుంటారా అని అడిగేవాళ్లుంటారు. తుంగభద్ర ఎగువన బళ్లారిలో ఈ ప్రశ్న నూటముప్పై ఏళ్ల కిందటే తేలిపోయింది. అక్కడ 1886లో సరసవినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సారంగధర కథను విషాదాంతంగానే రాసి ఆడించాడు. సంస్కృత నాటక సంప్రదాయం ఒప్పుకోదని పండితులు అన్నారు. జనం మాత్రం డబ్బులిచ్చి టిక్కెట్టు కొని చూశారు.

బళ్లారి మాట వచ్చింది గనక రాఘవను దాటి పోలేం. తాడిపత్రిలో 1880లో పుట్టి, ధర్మవరం వారి మేనల్లుడై, వకీలుగా డబ్బు సంపాదించి నాటకానికి ఖర్చు పెట్టినవాడు బళ్లారి రాఘవ. 1920ల చివర ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు. షా డబ్లిన్‌లో పుట్టినవాడు, అంటే ఐరిష్ నాటకకర్తే. ఆ సమావేశం గురించి తెలుగు నాటకరంగంలో చాలా కథలున్నాయి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. వాటికన్నా విలువైనది రాఘవ ఇంటికి తిరిగి వచ్చాక కూడా పట్టిన పట్టు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని ఆయన వాదించి, కుటుంబ స్త్రీలను స్టేజీ ఎక్కించాడు. కొమ్మూరి పద్మావతి అట్లా వచ్చినవారే. రైడర్స్ టు ది సీలో నాలుగు ముఖ్యపాత్రలుంటే మూడు ఆడవాళ్లవి. మీసం దువ్వే వేషం ఒక్కటీ లేదు. ఊరి నాటక సమాజం దీన్ని పక్కన పెట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదేమో!

నిజానికి ఒక ఐరిష్ నాటకకర్త తెలుగునేల మీదే బతికి, ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పేరు జేమ్స్ కజిన్స్. 1873లో బెల్ఫాస్టులో పుట్టాడు. డబ్లిన్‌లో ఫే అన్నదమ్ములని ఇద్దరు నాటకాల పిచ్చివాళ్లుండేవారు. విలియం ఫే కరెంటు పని చేసేవాడు, ఫ్రాంక్ ఫే గుమాస్తా. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సలు, జీతం భత్యం లేని నటులు, వాన కురిస్తే కారే హాలు. ఆ సమాజాన్ని కవులతో కలిపిన కొద్దిమందిలో కజిన్స్ ఒకడు. ఆయన రాసిన ‘ది రేసింగ్ లగ్’ను వాళ్లు 1902 అక్టోబరు చివర్లో ఆడారు. విచిత్రమేమిటంటే అది కూడా జాలరి కుటుంబం, సముద్రం, చావు ఉన్న నాటకమే. సింజ్ ముసలమ్మ స్టేజీ ఎక్కడానికి దాదాపు పదహారు నెలల ముందు. తర్వాత కజిన్స్ మరో నాటకం రాస్తే కవి యేట్స్‌కు నచ్చలేదు. యేట్స్‌కు నచ్చని నాటకానికి ఆ సమాజంలో తెర లేవదు. ఊరి సమాజాల్లో ఇటువంటివి ఎట్లా నడుస్తాయో మనవాళ్లకు చెప్పనవసరం లేదు. ఫే అన్నదమ్ముల ఆ ఔత్సాహిక సమాజమే, టీ వ్యాపారుల కుటుంబానికి చెందిన మిస్ హార్నిమన్ అనే ఇంగ్లీషు ఆవిడ డబ్బుతో, 1904 డిసెంబరు 27న ఆబీ థియేటరుగా తెర లేపింది. ఆ భవనంలో కొంత భాగం అంతకుముందు శవాగారం.

కజిన్స్ 1915లో అనీబిసెంట్ పిలుపు మీద భార్య మార్గరెట్‌తో మద్రాసు వచ్చి ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరాడు. 1916 ఈస్టరు రోజుల్లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. బిసెంటమ్మ ఆయన్ని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. అట్లా చిత్తూరు జిల్లాకు ఒక ఐరిష్ ఇంగ్లీషు పంతులు, తర్వాత ప్రిన్సిపాలు దొరికాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె వచ్చి వాళ్లకు అతిథిగా ఉన్నాడు, జనగణమన పాడి వినిపించాడు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. మార్గరెట్ స్వరలిపి కట్టింది. ఈ కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ ఇంటి యజమాని డబ్లిన్ నాటకరంగానికి పునాది వేసినవాళ్లలో ఒకడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అదే ఏడు ఆయన మీరాబాయి మీద ‘ది కింగ్స్ వైఫ్’ అనే నాటకం అచ్చువేశాడు. 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే చనిపోయాడు. సముద్రం జాడే లేని ఊరు అది.

ఈ దారి ఒకవైపే నడిచిందనుకోకూడదు. రవీంద్రుడి ‘డాక్‌ఘర్’ను 1913 మేలో ఆబీ నటులు డబ్లిన్‌లో ఇంగ్లీషులో ఆడారు. ఆ ఆట ఆదాయం పాట్రిక్ పియర్స్ నడిపే బడికి. మూడేళ్ల తర్వాత ఈస్టరు తిరుగుబాటుకు నాయకుడని ఇంగ్లీషువాళ్లు కాల్చి చంపింది ఈ పియర్స్‌నే, కజిన్స్ ఉద్యోగం పోయింది ఆ తిరుగుబాటును మెచ్చుకున్నందుకే. బెంగాలు పల్లెలో కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే అమల్‌ను డబ్లిన్ జనం తమవాడనుకోగలిగితే, కొడుకు కోసం ఎదురుచూసే ముసలమ్మను మానవపాడు తనదనుకోలేదా?

అన్ని ఐరిష్ నాటకాలూ ఇంత సులువుగా ఇమడవు. సింజ్‌దే ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ అని ఒకటుంది. తండ్రిని చంపొచ్చానని చెప్పుకున్న కుర్రవాణ్ని పల్లె మొత్తం వీరుడని నెత్తిన పెట్టుకుంటుంది. 1907 జనవరి 26న తొలి ఆటలోనే, లోపలి బట్టల పేరు ఒకటి స్టేజీ మీద పలికారని గొడవ మొదలైంది. మా ఆడవాళ్లను అవమానించారు, మా పల్లెను అవమానించారు అంటూ వారం పాటు అరుపులు. పోలీసులను పెట్టి నాటకం ఆడారు. అమెరికా వెళ్తే 1912లో ఫిలడెల్ఫియాలో నటులను అరెస్టు చేశారు. తెలుగువాళ్లకు ఈ గోల కొత్త కాదు. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని నూరేళ్లు ఆడాక, సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక కులం వాళ్లు అడిగితే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అంటే అప్పుడు మానవపాడు నుంచి తుంగభద్ర దాటితే ఆ నాటకం నేరమైంది, ఇవతల కాలేదు. సుబ్బిశెట్టి హాస్యం పేరుతో కొన్ని సమాజాలు మూల నాటకంలో లేని బూతు కలిపి ఆడిన మాటా నిజమే. అయినా పాత్రను బాగుచేయడానికి నాటకాన్ని పాతిపెట్టడం తెలివైన పని కాదు. డబ్లిన్ అరిచింది, ఆబీ తెర దించలేదు. ఇప్పుడు అదే ప్లేబాయ్‌ను ఐర్లాండు తన గొప్పగా చెప్పుకుంటుంది.

నదిగడ్డకు ఇంకో ఐరిష్ నాటకం కూడా అతుకుతుంది. బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోదో’. 1953 జనవరి 5న పారిస్‌లో తొలిసారి ఆడారు. ఒక చెట్టు, ఇద్దరు మనుషులు, ఎప్పటికీ రాని గోదో. మేధావులకు అర్థం కాలేదు గానీ 1957 నవంబరులో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో దాదాపు 1,400 మంది ఖైదీలు కదలకుండా కూర్చుని చూశారు. ఆడవేషాలు లేవనే ఆ నాటకాన్ని జైలుకు ఎంచుకున్నారట. 1993 ఆగస్టులో చుట్టూ ఫిరంగులు మోగుతున్న సరయేవోలో సూసన్ సాంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో తొలి అంకం ఆడించింది. వరద ముంచెత్తిన న్యూ ఆర్లియన్స్ పేటలో 2007లో, కూలిన ఇళ్ల నడుమ, వీధిలోనే ఆడారు. అక్కడి జనానికి గోదో ఎవరో ఎవరూ చెప్పాల్సిన పని రాలేదు.

మానవపాడు రైతుకు అంతకన్నా తక్కువ చెప్పాలి. కర్ణాటక రాయచూరు జిల్లాలో రాజోలిబండ ఆనకట్ట దగ్గర మొదలయ్యే ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువలో తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. కాగితం మీద నిండుగా పారే ఆ కాలువ చివరి భూముల దగ్గరికి వచ్చేసరికి గడ్డి మొలిచి ఉండేది. చివరికి ఆ లోటు పూడ్చడానికి తుంగభద్ర నుంచి తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టాల్సి వచ్చింది. కాలువ గట్టు మీద తుమ్మచెట్టు కింద ఇద్దరు రైతులు, రేపు నీళ్లొస్తాయట అని వచ్చి చెప్పిపోయే కుర్రవాడు. రెండో అంకంలో బెకెట్ చెట్టుకు నాలుగు ఆకులు మొలిపిస్తాడు. తుమ్మకు అదేమంత కష్టం కాదు.

కానీ గోదోను నదిగడ్డకు మార్చుకోవడం ఊరి సమాజాల చేతిలో లేదు. బెకెట్ 1989లో పోయాడు. భారత చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయి, అంటే 2049 దాకా. బెకెట్ వారసులు ఒక్క మాట మార్చినా ఒప్పుకోరని ప్రపంచమంతా పేరు. పాత్రలను ఆడవాళ్లకు ఇచ్చారని బెకెట్ బతికుండగానే నెదర్లాండ్స్‌లో కోర్టుకెక్కాడు. తుమ్మచెట్టుకూ కాలువ గట్టుకూ వాళ్లు సరేనంటారని ఆశ పెట్టుకోనక్కర్లేదు.

సింజ్ 1909లో, ముప్పై ఏడేళ్లకే పోయాడు. ఆయన నాటకం మీద ఏ హక్కూ ఎవరికీ లేదు. ఎవరైనా తెలుగు చేసుకోవచ్చు, పేర్లు మార్చుకోవచ్చు, పుట్టి ఎక్కించవచ్చు. ఖర్చు పెద్దగా లేదు. కిరీటాలు అక్కర్లేదు, పరదాలు అక్కర్లేదు, ఒక పొయ్యి, ఒక నులక మంచం, నాలుగు చెక్కలు చాలు. అరగంటలో అయిపోతుంది గనక కురుక్షేత్రానికి అడ్డం రాదు, హార్మోనియం మాస్టారి గౌరవానికీ లోటు రాదు. నాటక సమాజాల పెద్దలు ఈసారి సింగోటం జాతరకో, సొంత ఊరి జాతరకో పద్యనాటకం మాట్లాడుకునేటప్పుడు, చంద్రమతి వేషానికి వచ్చే ఆర్టిస్టుకు ఈ ముసలమ్మ కథ కూడా చెప్పి చూడాలి. పద్యనాటకం తెర లేవకముందు పది గంటలకు ఎట్లాగూ అరగంట ఖాళీయే ఉంటుంది.